బ్రూక్లిన్ వంతెన: పెద్దవాళ్లతో వెళ్తే ఎటు నుంచి ఎటు నడవాలి?

శైలజ_ఎడిసన్

అందరికీ నమస్కారం. మా అత్తగారు, మామగారు ఏలూరు నుంచి వచ్చి ప్రస్తుతం న్యూజెర్సీలో మా దగ్గర ఉంటున్నారు. మామగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. న్యూయార్కులో ఏం చూస్తారని అడిగితే ఆయన నోట ముందుగా వచ్చిన పేరు బ్రూక్లిన్ వంతెన. అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల మెట్లు ఎక్కడం కష్టం. చదునుగా ఉంటే మాత్రం, మధ్యమధ్య ఆగుతూ, ఓ కిలోమీటరు పైగా నడవగలరు.

వంతెన మీద ఏ వైపు నుంచి నడక మొదలుపెట్టడం మంచిది? కారులో వెళ్లాలా, రైలులో వెళ్లాలా? ఇంజనీరుగా పనిచేసిన మనిషికి అక్కడ ప్రత్యేకంగా చూపించవలసినవి ఏమున్నాయి? సైకిళ్ల వాళ్లు కేకలు వేస్తూ మీదికి వస్తారనీ, సామాన్లు అమ్మేవాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని నడవాలనీ కొన్ని చోట్ల చదివాను. ఇప్పటికీ పరిస్థితి అలాగే ఉందా?

వంశధార

శైలజ గారూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు చదివినవి పాత సంగతులు. 2021 సెప్టెంబరులో మాన్‌హటన్ వైపు వెళ్లే కార్ల వరుసల్లో ఒకదాన్ని తీసేసి సైకిళ్లకు ఇచ్చారు. అప్పటి నుంచి పైనున్న చెక్క నడకదారి పూర్తిగా పాదచారులదే. 2024 జనవరి నుంచి వంతెన మీద వ్యాపారాన్ని కూడా నిషేధించారు. అంతకుముందు వెళ్లి విసుగు చెందినవాళ్లు ఇప్పుడు మళ్లీ వెళితే అది వేరే వంతెన అనుకుంటారు.

దిశ విషయంలో నా సలహా, చాలామంది చెప్పినట్టుగానే, బ్రూక్లిన్ నుంచి మాన్‌హటన్‌కు నడవమనే. అలా నడిస్తే మాన్‌హటన్ దిగువ భాగంలోని ఆకాశహర్మ్యాలు దారి పొడవునా ఎదురుగా కనిపిస్తాయి, ఎడమవైపు దూరంగా రేవులో స్వేచ్ఛా ప్రతిమ కనిపిస్తుంది. మాన్‌హటన్ నుంచి బ్రూక్లిన్‌కు నడిచేవాళ్లు ప్రతి పది అడుగులకూ వెనక్కి తిరిగి చూసుకోవలసి వస్తుంది. వంతెన మొత్తం పొడవు సుమారు 1.8 కిలోమీటర్లు కాబట్టి ఫొటోల కోసం ఆగుతూ నడిచినా ముప్పావు గంట సరిపోతుంది.

కారు మాత్రం వద్దు. వంతెన దగ్గర పార్కింగ్ దొరకడం గగనం. పైగా 2025 జనవరి 5 నుంచి మాన్‌హటన్‌లో 60వ వీధికి దిగువన ప్రవేశించే వాహనాలకు రద్దీ రుసుము కూడా వసూలు చేస్తున్నారు. సొరంగం టోలు దీనికి అదనం.

తీరంగాలి

వంశధార గారి సలహా మోకాళ్లు బాగున్నవాళ్లకు సరిపోతుంది. శైలజ గారు అడిగింది పెద్దవాళ్ల గురించి కనుక నేను దానితో ఏకీభవించలేను.

బ్రూక్లిన్ వైపు నడకదారి ఎక్కడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి వంతెన కిందుగా వెళ్లే వీధి నుంచి మెట్ల దారి. ఇది దగ్గరే కానీ అత్తగారికి పనికిరాదు. రెండోది టిల్లరీ వీధి దగ్గర మొదలయ్యే వాలుదారి. ఇందులో మెట్లు లేవు, కానీ రెండు వైపులా కార్లు దూసుకుపోతుండగా కాంక్రీటు మీద చాలాసేపు నడిస్తే తప్ప అసలు వంతెన మొదలుకాదు. ఓపిక ఉన్న మొదటి పది నిమిషాలూ, చూడటానికి ఏమీ లేని చోటే ఖర్చయిపోతాయి.

మాన్‌హటన్ వైపు సిటీ హాలు పార్కు ఎదురుగా మొదలయ్యే దారిలో మెట్లే లేవు. అక్కడి నుంచి మొదటి రాతి గోపురం దాకా సుమారు 760 మీటర్లు. ఇంజనీరు గారు చూడదలచుకున్నదంతా, అంటే గోపురం, ప్రధాన తీగలు, వాలు తీగలు, కింద నీరు, ఆ ఒక్క చోటు నుంచే కనిపిస్తుంది. అక్కడ కాసేపు నిలబడి అదే దారిన వెనక్కి వచ్చేయవచ్చు. మామగారికి ఉత్సాహం ఉంటే ఆయన మీ వారితో కలిసి బ్రూక్లిన్ దాకా నడుస్తారు. వెనక్కి తిరిగేటప్పుడు నగరం ఎదురుగానే ఉంటుంది కాబట్టి వంశధార గారు చెప్పిన దృశ్యం అత్తగారికీ దక్కుతుంది.

వంతెనను కింద నుంచి కూడా చూపించండి. వాల్ స్ట్రీట్ దగ్గరి పదకొండో నంబరు రేవులో ఈస్ట్ రివర్ మార్గపు ఫెర్రీ ఎక్కి, బ్రూక్లిన్ ఒడ్డునున్న డంబోలో దిగకుండా ముందుకు సాగితే పడవ బ్రూక్లిన్ వంతెన కిందుగా, ఆ వెంటనే మాన్‌హటన్ వంతెన కిందుగా వెళుతుంది. కూర్చున్న చోటు నుంచే రెండు వేలాడే వంతెనల అడుగుభాగాలూ చూడవచ్చు. నా దృష్టిలో పెద్దవాళ్లకు ఈ పడవ ప్రయాణం సగం నడక కన్నా ఎక్కువ విలువైనది.

వంశధార

> ఓపిక ఉన్న మొదటి పది నిమిషాలూ, చూడటానికి ఏమీ లేని చోటే ఖర్చయిపోతాయి.

ఇది నిజమే, టిల్లరీ వీధి దారిని నేనూ సమర్థించను. అయితే వంతెన సగంలో వెనుదిరగడమంటే నాకు ఒక పట్టాన మనసొప్పదు. రెండు గోపురాల మధ్య, ప్రధాన తీగలు నడకదారి ఎత్తుకు దిగివచ్చే ఆ నడుమ భాగంలో నిలబడితేనే వంతెన వేలాడుతోందన్న సంగతి మనకు తెలుస్తుంది.

గోదారిగట్టు

మీ మామగారిలాగే నేను కూడా ప్రభుత్వ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఆయన ఏం చూడాలనుకుంటారో కొంత ఊహించగలను. ఆ వంతెనలో అన్నిటికన్నా గొప్ప భాగం ఎవరికీ కనిపించదు, అది నీటి అడుగున ఉంది.

మన గోదావరి, కృష్ణల మీద వంతెన స్తంభాలకు వెల్ సింకింగ్ చేస్తామని ఆయనకు నేను చెప్పనక్కరలేదు. రాతితోనో కాంక్రీటుతోనో బావిని కట్టి, పైన తెరిచి ఉంచి, లోపలి ఇసుకను తవ్వి తీస్తూ పోతే బావి తన బరువుకు తానే దిగుతుంది. బ్రూక్లిన్‌లో 1870లో చేసింది దీనికి తిరగబడిన పద్ధతి. సుమారు 51 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు ఉన్న కలప పెట్టెను, అంటే కైసన్‌ను, అడుగు లేకుండా తయారుచేసి నీళ్లలో దింపారు. గ్లాసును బోర్లించి నీళ్లలో ముంచితే లోపల గాలి నిలిచిపోతుంది కదా, అదే సూత్రం మీద, ఆవిరి యంత్రాలతో లోపలికి గాలిని ఒత్తిడితో పంపి నీటిని బయటికి నెట్టారు. మనుషులు ఆ పెట్టె లోపలికి దిగి, దీపాల వెలుతురులో అడుగును తవ్వుతూ ఉంటే, పెట్టె కప్పు మీద పైన గోపురం రాళ్లు పేరుస్తూ పోయారు. పైన బరువు పెరిగేకొద్దీ పెట్టె కిందికి దిగింది. చివరికి లోపలి ఖాళీని కాంక్రీటుతో నింపేశారు. ఆ కలప ఇప్పటికీ గోపురాల కింద ఉంది. నీటి అడుగున, గాలి తగలని చోట ఉన్నందువల్ల అది కుళ్లలేదు.

బ్రూక్లిన్ వైపు కైసన్ సుమారు 13.5 మీటర్ల లోతులో గట్టి నేలను తాకింది. 1870 డిసెంబరులో దాని కప్పు కలపకు లోపలి నుంచి నిప్పంటుకుంటే, ఆర్పడానికి పెట్టె మొత్తాన్ని నీటితో ముంచవలసి వచ్చింది. మాన్‌హటన్ వైపు పని ఇంకా కష్టమైంది. లోతుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి పెంచక తప్పదు, చివరికి అది మామూలు వాతావరణ పీడనానికి మూడు రెట్లు దాటింది. అంత ఒత్తిడి నుంచి మనిషి ఒక్కసారిగా బయటికి వస్తే, రక్తంలో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలుగా మారి కీళ్లనూ నరాలనూ దెబ్బతీస్తుంది. కారణం ఇదని అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. పనివాళ్లు మెలికలు తిరిగిపోయేవారు, కొందరు చనిపోయారు.

అప్పుడు చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో తీసుకున్న నిర్ణయమే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. అడుగు రాయి ఇంకా తగలలేదు. అయితే సుమారు 24 మీటర్ల లోతులో ఉన్న ఇసుక పొర యుగాలుగా కదలలేదని ఆయన పరిశీలించి, ఇక తవ్వకం ఆపేయమన్నాడు. మాన్‌హటన్ వైపు గోపురం నేటికీ ఇసుక మీదే నిలబడి ఉంది. రాయి దాకా పోవాలని పట్టుపట్టి ఉంటే ఎంతమంది పోయేవారో చెప్పలేము. ఇంజనీరుకు ఎక్కడ ఆగాలో తెలియడం కూడా విద్యే. మీ మామగారిని ఆ గోపురం కింద నిలబెట్టి ఈ సంగతి చెప్పండి. ఆయన అక్కణ్ణుంచి త్వరగా కదలరని నా నమ్మకం.

పాతచరిత్ర

గోదారిగట్టు గారి వివరణకు కొంత కలుపుతాను. ఈ వంతెనను ఊహించినది వాషింగ్టన్ తండ్రి జాన్ రోబ్లింగ్. అప్పటికి బ్రూక్లిన్ వేరే నగరం, న్యూయార్కులో అది కలిసింది 1898లో. మధ్యలో ఉన్న ఈస్ట్ రివర్ పేరుకే నది, నిజానికి అది ఆటుపోట్లతో ఇటూ అటూ పారే ఉప్పునీటి జలసంధి. చలికాలంలో మంచు గడ్డకట్టి పడవలు ఆగిపోయిన రోజుల్లో రెండు నగరాల మధ్య రాకపోకలే ఉండేవి కావు. 1869లో వంతెన స్థలాన్ని కొలుస్తుండగా ఒక పడవ ఢీకొని జాన్ రోబ్లింగ్ పాదం నలిగింది, ధనుర్వాతం సోకి మూడు వారాలు దాటగానే ఆయన మరణించాడు. కొడుకు బాధ్యత తీసుకున్నాడు. ఆ గాలి ఒత్తిడి వల్ల వచ్చే కైసన్ జబ్బుతో 1872 నుంచి అతనూ మంచాన పడ్డాడు. ఆ తరువాత బ్రూక్లిన్ హైట్స్‌లోని ఇంటి కిటికీ నుంచి దుర్భిణితో పని చూసేవాడు.

ఆ సంవత్సరాలలో వంతెనకూ చీఫ్ ఇంజనీరుకూ మధ్య నిలిచినది ఆయన భార్య ఎమిలీ. వంతెన ప్రారంభమైన 1883 మే 24 నాటికి నిర్మాణం మొదలై 13 సంవత్సరాలు దాటింది, ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, ఖర్చు సుమారు కోటిన్నర డాలర్లయింది.

ఉక్కుతీగ

ఎమిలీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. అసలు వంతెన కట్టించింది ఎమిలీయేననీ, భర్తకు పేరు మాత్రమే దక్కిందనీ ఈ మధ్య తరచుగా చదువుతున్నాను. ఒక మహిళకు న్యాయంగా రావలసిన గుర్తింపు ఇన్నాళ్లకు వచ్చిందని సంతోషించాలా, లేక ఇది అతిశయోక్తి అనుకోవాలా?

పాతచరిత్ర

రెండూ కొంతవరకు సరైనవే. నక్షలు, లెక్కలు, నిర్ణయాలు వాషింగ్టన్ రోబ్లింగ్‌వి. మంచాన ఉండి కూడా ఆయన అతి సూక్ష్మమైన వివరాలతో సూచనలు రాయించేవాడు. కానీ ఆ సూచనలను అర్థం చేసుకుని, పనిస్థలంలోని సహాయ ఇంజనీర్లకు విడమరచి చెప్పి, వాళ్ల ప్రశ్నలను తిరిగి తెచ్చి, ఉత్తరప్రత్యుత్తరాలు నడిపినది ఎమిలీ. తీగల గణితం, పదార్థాల బలం వంటివి ఆమె పట్టుదలగా నేర్చుకున్నారు. 1882లో రోబ్లింగ్‌ను పదవి నుంచి తొలగించాలన్న ప్రయత్నం జరిగినప్పుడు ఆయన పక్షాన నిలబడి వాదించారు. ప్రారంభానికి ముందు బండిలో వంతెన దాటిన తొలి వ్యక్తి ఆమె. విజయానికి చిహ్నంగా ఒడిలో ఒక కోడిపుంజును పెట్టుకున్నారట.

ఆమె రూపకర్త కాదు. ఆమె లేకపోతే రోబ్లింగ్ ఆ పదవిలో కొనసాగగలిగేవాడు కాదన్నది మాత్రం నిస్సందేహం. గోపురం మీద ఆమెతో పాటు భర్తనూ మామగారినీ స్మరిస్తూ ఒక ఫలకం ఉంది. బ్రూక్లిన్ ఒడ్డున సరిగ్గా వంతెన కిందనే ఆమె పేరిట ఒక ప్రాంగణాన్ని 2021 డిసెంబరులో తెరిచారు. పెద్దవాళ్లు కూర్చుని తల పైకెత్తి వంతెనను చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఉక్కుతీగ

ధన్యవాదాలు. ఇక నా వృత్తికి సంబంధించిన విషయం చెబుతాను. శైలజ గారూ, గోపురం దగ్గర నిలబడినప్పుడు మీ మామగారు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. వేలాడే వంతెనలో సాధారణంగా ప్రధాన తీగలూ, వాటి నుంచి దిగే నిలువు తీగలూ మాత్రమే ఉంటాయి. ఇక్కడ గోపురం నుంచి విసనకర్రలాగా విచ్చుకున్న వాలు తీగలు కూడా ఎందుకున్నాయి?

జాన్ రోబ్లింగ్ కాలానికి గాలికి ఊగి కూలిపోయిన వేలాడే వంతెనలు చాలానే ఉన్నాయి. అందుకే ఆయన ఒకే బరువును రెండు దారుల్లో మోయించాడు. వాలు తీగలు వంతెన తలాన్ని నేరుగా గోపురాలకు కట్టి, గాలికి అది అలలా లేవకుండా బిగువు ఇస్తాయి. గాలి ప్రభావాన్ని తక్కువ అంచనా వేసి కట్టిన టకోమా వంతెన 1940లో ప్రారంభించిన కొద్ది నెలలకే మెలితిరిగి కూలింది. దానికన్నా దాదాపు అరవై ఏళ్లు పాతదైన ఇది మాత్రం నిలిచే ఉంది.

ప్రధాన తీగలు నాలుగు. వేలాడే వంతెనల్లో ఉక్కు తీగలను పెద్ద ఎత్తున వాడటం ఇక్కడే మొదలైంది, అంతకుముందంతా ఇనుమే. ఒక్కొక్క తీగ వ్యాసం 40 సెంటీమీటర్లు, అందులో 5,434 సన్నని ఉక్కు తీగలున్నాయి. ఇందులో ఒక మోసం కూడా దాగి ఉంది. ఉక్కు సరఫరా చేసిన గుత్తేదారు జె. లాయిడ్ హే, పరీక్షలో నెగ్గిన చుట్టలనే మళ్లీమళ్లీ చూపించి నాసిరకం తీగను పనిస్థలానికి పంపాడు. 1878లో సంగతి బయటపడేసరికి ఆ తీగ చాలావరకు వంతెనలోకి ఎక్కేసింది, తీయడం కుదరదు. అవసరానికి ఆరు రెట్ల బలంతో లెక్కవేశారు కాబట్టి ఇంకా ముప్పు లేదని వాషింగ్టన్ రోబ్లింగ్ తేల్చి, ప్రతి ప్రధాన తీగకు మరో 150 మంచి తీగలను గుత్తేదారు ఖర్చుతోనే కలిపించాడు. నాసిరకం తీగ ఇప్పటికీ అందులోనే ఉంది, వంతెనా ఉంది. గుత్తేదార్లతో జీవితకాలం వేగిన ఇంజనీరుకు ఈ ఘట్టం బాగా నచ్చుతుంది.

ఒహాయో_తెలుగు

రోబ్లింగ్ అభిమానులెవరైనా మా ఊరి వైపు వస్తే సిన్సినాటిలో ఒహాయో నది మీద జాన్ రోబ్లింగ్ కట్టిన వంతెనను చూడండి. అది 1866లోనే నడకకు తెరుచుకుంది. ఇలాంటి రాతి గోపురాలే, ఇలాంటి వాలు తీగలే. జనసమ్మర్దం మాత్రం ఉండదు.

కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఎర్ర ఇటుకల భవనాల మధ్య వంతెన గోపురం కనిపిస్తూ, దాని కాళ్ల సందులో ఎంపైర్ స్టేట్ భవనం కనిపించే ప్రసిద్ధమైన ఫొటో ఉంది కదా, అది బ్రూక్లిన్ వంతెన మీద ఎక్కడ నిలబడి తీయాలి?

తీరంగాలి

ఆ ఫొటోలో ఉన్నది బ్రూక్లిన్ వంతెన కాదండీ, దాని పక్కనే 1909లో తెరిచిన మాన్‌హటన్ వంతెన. డంబోలోని వాషింగ్టన్ వీధిలో నిలబడి తీస్తారు. గుర్తుపట్టడం చాలా సులభం. ఉక్కు గోపురం, నీలిరంగు అయితే మాన్‌హటన్ వంతెన. రాతి గోపురం, కొసదేరిన జంట తోరణాలు అయితే బ్రూక్లిన్ వంతెన. ఆ వీధిలో రాతి దిమ్మలు పరిచిన బాట ఉంటుంది కాబట్టి శైలజ గారి అత్తగారు జాగ్రత్తగా నడవాలి.

వంశధార

ఓడ ఢీకొన్న తరువాత వంతెన భద్రమేనా అని మా బంధువులొకరు అడిగారు, ఇక్కడ కూడా ఎవరికైనా ఆ సందేహం ఉండవచ్చు. 2025 మే 17న మెక్సికో నౌకాదళపు శిక్షణ ఓడ క్వావ్‌తెమోక్ వెనక్కి కొట్టుకొచ్చి వంతెన కిందికి చేరడంతో దాని తెరచాప స్తంభాలు విరిగిపోయాయి, ఓడలోని ఇద్దరు చనిపోయారు. నీటికీ వంతెనకూ మధ్య ఎత్తు సుమారు 41 మీటర్లు, ఆ స్తంభాలు అంతకన్నా పొడవు. తనిఖీలో వంతెన నిర్మాణానికి పెద్ద నష్టమేమీ కనిపించలేదు.

పాతచరిత్ర

కాకతాళీయమే గానీ, మే 17 ఆ వంతెన చరిత్రలో ఇదివరకే ఉన్న తేదీ. ప్రారంభమైన వారానికి, 1883 మే 30న, మాన్‌హటన్ వైపు మెట్ల దగ్గర తొక్కిసలాట జరిగి 12 మంది చనిపోయారు. వంతెన కూలుతోందన్న పుకారే దానికి కారణమని చెబుతారు. ప్రజల భయం పోగొట్టడానికీ, తన సర్కస్‌కు ప్రచారం తెచ్చుకోవడానికీ పి. టి. బార్నమ్ మరుసటి సంవత్సరం మే 17న 21 ఏనుగులను వంతెన మీదుగా నడిపించాడు.

శైలజ_ఎడిసన్

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. గోదారిగట్టు గారి వ్యాఖ్యను మామగారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే “కలప పెట్టె కప్పు మందం ఎంత?” అని అడిగారు! తీరంగాలి గారి పద్ధతినే అనుసరించాలని అనుకుంటున్నాము. అత్తగారు, నేను గోపురం దాకా వెళ్లి వెనక్కి వస్తాము, మామగారు, మా వారు అవతలి ఒడ్డు దాకా నడుస్తారు. రైలు వివరాలు, వెళ్లవలసిన వేళ ఎవరైనా చెప్పగలరా?

గోదారిగట్టు

బ్రూక్లిన్ వైపు కైసన్ కప్పు సుమారు 4.5 మీటర్లు, మాన్‌హటన్ వైపుది ఇంకా మందం, సుమారు 6.7 మీటర్లు. అంతా దుంగల మీద దుంగలు అడ్డంగా, నిలువుగా పేర్చి బిగించినదే. మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి.

తీరంగాలి

ఎడిసన్‌లో న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు ఎక్కి న్యూఆర్క్ పెన్ స్టేషనులో దిగండి. అక్కడ పాత్ (PATH) రైలు ఎక్కితే నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు చేరుస్తుంది, ఆ స్టేషనులో లిఫ్టులున్నాయి. అక్కడి నుంచి సిటీ హాలు పార్కుకు నడక పదీ పదిహేను నిమిషాలే అయినా, అత్తగారి ఓపికను వంతెన కోసం దాచడానికి ఆ ముక్క టాక్సీలో వెళ్లమంటాను. బ్రూక్లిన్‌లో దిగిన మగవాళ్లు డంబో రేవులో ఫెర్రీ ఎక్కి వాల్ స్ట్రీట్‌కు వచ్చి మిమ్మల్ని కలుసుకోవచ్చు. లేదా మీరిద్దరూ అదే ఫెర్రీలో డంబోకు వెళ్లి ఎమిలీ ప్రాంగణంలో వాళ్ల కోసం ఎదురుచూడవచ్చు.

వంతెన మీద మరుగుదొడ్లు లేవు, నీడ అసలే లేదు. వేసవిలో అయితే ఉదయం ఎనిమిది లోపల నడక మొదలుపెట్టండి. పదకొండు దాటితే ఎండకు ఎండ, జనానికి జనం. చలికాలంలో కింద వీధిలో తెలియని గాలి పైన చెవులు కోసేస్తుంది కాబట్టి అత్తగారికి స్కార్ఫు తప్పనిసరి. చెక్క పలకల సందుల్లో నుంచి కిందున్న కార్లు కనిపిస్తాయి. ఎత్తు అంటే భయం ఉన్నవాళ్లు దారి మధ్యలో నడిస్తే ఇబ్బంది పడరు. ఫెర్రీ వేళలు వారాంతాల్లో మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు రోజు ఒకసారి సరిచూసుకోండి.